పంతొమ్మిది ఎర్ర సున్నాలు

యూసుఫ్‌గూడ, హైదరాబాద్
20 జూన్ 1999

జానకీ,

నాలుగేళ్ళుగా ఉగాదికి నేనొక కార్డు, ఈద్‌కి నువ్వొక కార్డు వేసుకుంటూ స్నేహాన్ని నెట్టుకొస్తున్నాం. ఇవాళ మాత్రం పేజీలకు పేజీలు రాస్తాను, ఎందుకంటే నీతో పని పడింది. అవసరం పడితేగానీ గుర్తు రాలేదా అని తిట్టుకో. తిట్టుకోవడం అయ్యాక మిగతాది చదువు. ఇందులో తప్పులుంటే ఎర్రసిరా పెన్ను మాత్రం తియ్యకు. బీఎడ్ హాస్టల్లో ఉన్నప్పుడు మా హుస్సేన్ నాకు ఇంగ్లీషులో రాసిన మొట్టమొదటి ప్రేమలేఖను నువ్వు దిద్ది, పదికి నాలుగు మార్కులేసి నా చేతిలో పెట్టావు. ఆయన ఇప్పటికీ మరచిపోలేదు. నీ పేరెత్తితే చాలు, "నాలుగు మార్కుల జానకీదేవి గారేనా?" అంటారు.

సంగతేమిటంటే, నేను ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పిన బడి మార్చిలో మూతపడింది. పంజాగుట్టలో హుస్సేన్ గడియారాల రిపేరు దుకాణం ఉంది గానీ, ఈ రోజుల్లో ఆగిన గడియారాన్ని బాగుచేయించుకునే ఓపిక ఎవరికుంది? అందుకని అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. నవ్వకు. నేర్పేది ఇంగ్లీషే. కింది అంతస్తులో కోబాల్, పై అంతస్తులో ఒరాకిల్, మధ్యలో నేను.

పిల్లలు బంగారాలు. వాళ్ళ బయోడేటాలు చూస్తేనే ఏడుపొస్తుంది. ఒకడు మొదటి నుంచి చివరిదాకా అన్నీ పెద్ద అక్షరాలే రాస్తాడు, ఎవరినో కేకలేస్తున్నట్టు. ఇంకొకడు తన పేరునే చిన్న అక్షరంతో మొదలుపెడతాడు. ఒకమ్మాయి 'ఇంజనీరు'కి పెద్ద అక్షరం పెట్టి, తన ఊరి పేరుకి చిన్న అక్షరం పెట్టింది. అదేమిటమ్మా అంటే, "మా ఊరు చిన్నదే కదా మేడమ్" అంది.

మా డైరెక్టర్ జోగారావుగారు మీవైపు మనిషే. "ఫఖ్రున్నీసా గారూ, ముందు ఈ కాపిటల్ లెటర్ల గొడవేంటో తేల్చండి. కంపెనీవాళ్ళు మొదటి పేజీ చూసే పక్కన పడేస్తున్నారండీ" అన్నారు. నా మొదటి బ్యాచ్ జూలై పన్నెండున. అది బాగుంటేనే ఉద్యోగం నిలుస్తుంది. కామన్ నౌన్లు, ప్రాపర్ నౌన్ల మీద నువ్వు చేత్తో రాసుకున్న నోట్సు ఉండేది కదా, అది పంపు.

నీ చెల్లెలు హైందవి ఎలా ఉంది? ఐదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి మన హాస్టల్‌కి తీసుకొచ్చావు. నా చేతుల గోరింటాకు చూసి తనకీ కావాలని ఏడ్చింది. పెట్టాక, చెరిగిపోతుందని రెండు చేతులూ పైకెత్తి అలాగే నిద్రపోయింది. దానికి పెళ్ళి చేశావా?

నీ ఫఖ్రూ


కొవ్వూరు
30 జూన్ 1999

ఫఖ్రూ,

నోట్సు రిజిస్టర్డ్ పోస్టులో వేరే పంపాను. అరవై నాలుగు పేజీలు. అట్ట ఊడిపోతే మా బడి ఆయా దుర్గాంబ మైదా ఉడికించి అతికించింది. దీనికి నకలు లేదు. జాగ్రత్త.

పిల్లలకు రూలు ముందు చెప్పకు. మన తెలుగులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న తేడాయే లేదని గుర్తుచెయ్యి. కలెక్టరు పేరు రాసినా, కాకి అని రాసినా మనకు ఒకటే 'క'. అందుకే మనవాళ్ళకు ఈ సంగతి ఒంటబట్టదు. తెలివి తక్కువై కాదని వాళ్ళకు తెలియాలి. ఆ తర్వాత చెప్పు: నది అంటే ఏ నదైనా కావచ్చు, చిన్న అక్షరం. గోదావరి అంటే మా వీధి చివర పారుతున్న ఇదొక్కటే, పెద్ద అక్షరం. లోకంలో ఎన్నో ఉన్నవాటికి చిన్నది, ఒకే ఒక్కదానికి పెద్దది. ఇంతకు మించి ఏమీ లేదు.

బంధువుల పాఠం పదిహేడో పేజీలో ఉంది. "మా అక్క" అని ఇంకొకరికి చెప్పేటప్పుడు చిన్న అక్షరం చాలు. "అక్కా" అని మనిషిని పిలిచేటప్పుడు అది పేరుతో సమానం, పెద్ద అక్షరం పడాలి. అందరూ ఇక్కడే తప్పు చేస్తారు. రెండు రోజులు తీసుకున్నా ఫరవాలేదు.

హైందవి సంగతి అడిగావు. ఆరేళ్ళుగా మీ ఊళ్ళోనే ఉంది. ఎక్కడుందో తెలియదు. ఉత్తరాలు లేవు. నీకెక్కడైనా కనబడితే నాకు రాయి, చాలు. ఎందుకు వెళ్ళిందని ఇప్పుడు అడగకు.

నీ ఉత్తరంలో తప్పులు ఏడు. దిద్దలేదు.

జానకి


అమీర్‌పేట
22 ఆగస్టు 1999

జానకీ,

క్లాసుకీ క్లాసుకీ మధ్య రాస్తున్నాను. పై అంతస్తులో ఏసీలు మోగుతుంటే నా బల్ల వణుకుతోంది, అక్షరాలు వంకర పోతే నా తప్పు లెక్కెయ్యకు.

నీ నోట్సు నా పరువు నిలబెట్టింది. కలెక్టరు, కాకి అనగానే పిల్లలు పడీపడీ నవ్వారు, నవ్వినవాళ్ళెవరూ మళ్ళీ ఆ తప్పు చెయ్యలేదు. పదిహేను మందితో మొదలైన బ్యాచ్ ఇప్పుడు అరవై దాటింది. ఒరాకిల్ పిల్లలు కూడా వచ్చి గుమ్మంలో నిలబడుతున్నారు. జోగారావుగారు నాకు కుర్చీ మార్చారు. ఇదివరకటి దానికి ఒక చెయ్యి లేదు.

హనుమాండ్లు అని ఒకతను ఉన్నాడు, నలభై ఏళ్ళకు దగ్గర. బోరబండలో ఆటో నడుపుతాడు. కంపెనీలో డ్రైవరుగా చేరాలంటే ఫారం ఇంగ్లీషులో నింపాలట, అందుకని వస్తున్నాడు. మొన్న క్లాసు మధ్యలో లేచాడు.

"మేడమ్, జర ఒక్క మాట. గీ హైందవి ఎవరు? సోమవారం హైందవి విశాఖ పోయింది అన్నరు. మంగళవారం గోదారి దాటింది అన్నరు. పదకొండో పేజీల చూస్తే ఆదివారం హైందవికి జ్వరమొచ్చింది. గా పిల్ల ఒక్కతే గిన్ని ఊర్లు తిరుగుతుంటే ఇంట్లోళ్ళకు ఫికర్ లేదా?"

క్లాసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళి నోట్సు మళ్ళీ తిరగేస్తే నవ్వు ఆగిపోయింది. అరవై నాలుగు పేజీల్లో ప్రాపర్ నౌన్ కావలసిన ప్రతిచోటా హైందవే ఉంది. జానకీ, అడగకన్నావు, అయినా అడుగుతున్నాను. ఏం జరిగింది?

నీకు కోపం తెప్పించే సంగతి చివరికి దాచుకున్నాను. ఇక్కడి పద్ధతి నీకు తెలియదు. ఎవరి క్లాసు బాగుంటే వాళ్ళ చేతిరాత నోట్సు మర్నాటికల్లా జిరాక్స్ దుకాణాల్లో ఉంటుంది. గుమ్మానికి తాడు కట్టి, బట్టలారేసినట్టు వేలాడదీస్తారు. ఒక్కరోజుకని ఒకమ్మాయి అడిగితే ఇచ్చాను. ఇప్పుడు మైత్రీవనం చుట్టుపక్కల ఏ దుకాణంలో చూసినా నీ చేతిరాతే. పైన ఎవరో స్కెచ్ పెన్నుతో 'ఫఖ్రున్నీసా మేడమ్ నోట్స్' అని రాశారు. నీ పేరు ఎక్కడా లేదు. సిగ్గుతో చచ్చాను. తీసెయ్యమంటే దుకాణంవాడు, "మస్తు గిరాకీ ఉన్నది మేడమ్, ఎట్ల తీస్తం?" అన్నాడు. అసలుది నా దగ్గర భద్రంగా ఉంది. నకళ్ళు ఎన్ని గదుల్లోకి వెళ్ళాయో నాకు తెలియదు.

ఫఖ్రూ


కొవ్వూరు
5 సెప్టెంబర్ 1999

ఫఖ్రూ,

ఇవాళ టీచర్స్ డే. మెళ్ళో వేసిన బంతిపూల దండ బల్లమీద పడేసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నోట్సు మీద నా పేరు లేనందుకు నాకు ఏ బాధా లేదు, నీ పేరే ఉండనీ. కానీ హైందవి పేరు తీయించు. తాడుకి వేలాడే కాగితాల మీద నా చెల్లెలి పేరు వద్దు. ఇంతకుముందు ఆ నోట్సులో రాముడు, సీత ఉండేవారు. 1994లో తిరగరాస్తుంటే ప్రతి వాక్యంలోకీ అదే వచ్చి కూర్చుంది. నేను అడ్డుకోలేదు.

ఎవరికీ చెప్పని సంగతి నీకు చెబుతున్నాను. మా అమ్మ పోయేనాటికి దానికి ఏడాది నిండలేదు. నేనే పెంచాను. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఇది పెద్దది కానివ్వండి అనేదాన్ని. అది పెద్దదయ్యేసరికి నాకు ఆ మాట ఎత్తేవాళ్ళు లేకపోయారు. దానికి నేను ఏనాడూ విచారించలేదు. డిగ్రీలో దానికి ఇంగ్లీషు రెండుసార్లు పోయింది. రెండోసారి ఫలితాలొచ్చిన రోజు, మా హెడ్మాస్టరు అచ్యుతరావుగారి ముందు, "ఇంగ్లీషు టీచరు చెల్లెలినని ఎక్కడా చెప్పుకోకు" అన్నాను. వారానికి, కంప్యూటర్ మీద టైపు నేర్చుకుంటానని చీటీ పెట్టి, స్నేహితురాలితో హైదరాబాద్ వెళ్ళిపోయింది.

మూడు నెలలకు ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో. పదకొండు వాక్యాలు. ఆ సాయంత్రం నా ముందు పదో తరగతి పరీక్ష పేపర్ల కట్ట ఉంది, చేతిలో ఎర్రపెన్ను ఉంది. విప్పాను. డియర్ పక్కన అక్క, చిన్న అక్షరంతో. సున్నా చుట్టాను. 'నేను' అని రాసిన ప్రతిచోటా ఆ ఒంటి అక్షరం చిన్నదే. చుట్టాను. హైదరాబాద్ చిన్న అక్షరం. ఆదివారం చిన్న అక్షరం. మొత్తం పంతొమ్మిది. కింద 'మళ్ళీ రాసి పంపు' అని రాసి, పేపర్ల మీద పెట్టినట్టే పొడి సంతకం పెట్టి, మర్నాడు పోస్టు చేశాను.

దిద్ది పంపడమే నా తప్పని నువ్వు అనుకుంటావు. అది సగమే. ఫఖ్రూ, నేను ఆ ఉత్తరం చదవలేదు. దిద్దాను గానీ చదవలేదు. నీకూ తెలుసు కదా, నలభై పేపర్లు దిద్దాక ఏ పిల్ల ఏం రాసిందో ఒక్కటీ గుర్తుండదు. ఆ సున్నాలు ఎక్కడెక్కడ చుట్టానో కళ్ళు మూసుకుని చెప్పగలను. పదకొండు వాక్యాల్లో నా చెల్లెలు నాకేం చెప్పిందో మాత్రం ఇవాళ్టికీ తెలియదు. ఆ కాగితం నా దగ్గర లేదు, దానికే తిప్పి పంపాను కదా.

అది మళ్ళీ రాయలేదు. నాకు ఇంక వేరే కోరికలు లేవు. ఆ ఉత్తరంలో ఏముందో తెలియాలి.

జానకి


యూసుఫ్‌గూడ
18 అక్టోబర్ 1999

జానకీ,

నీ ఉత్తరం అందింది. చాలాసార్లు చదివాను. హుస్సేన్ ప్రేమలేఖ దిద్దినప్పుడు నవ్వుకున్నాం. అప్పుడే నీ చేతిలోంచి ఆ పెన్ను లాక్కోవలసింది.

హైందవి పేరు తీయించమన్నావు. నోట్సును టైపు చేయించి పుస్తకంలా కుట్టిద్దామని జోగారావుగారు పంజాగుట్టలో ఒక డీటీపీ సెంటర్‌కి ఇచ్చారు. పని సగం అయింది. ఇప్పుడు పేర్లు మార్చడం కుదరదు.

ఇక్కడ వానలు. హుస్సేన్‌కి దగ్గు. క్లాసులు బాగానే సాగుతున్నాయి.

ఒక్కటి అడుగుతాను. ఆ ఉత్తరం తిప్పి పంపాక నువ్వెందుకు మళ్ళీ రాయలేదు? నువ్వెందుకు రాలేదు? ఉన్నది ఉన్నట్టు రాయి. ఊరికే అడగడం లేదు.

ఫఖ్రూ


కొవ్వూరు
2 నవంబర్ 1999

ఫఖ్రూ,

నీ ఉత్తరం ఒక పేజీ కూడా లేదు. ఉప్పు అడగడానికి కూడా మూడు పేజీలు రాసే మనిషివి నువ్వు. నీకు దాచడం ఏనాడూ చేతకాదు. హాస్టల్లో ఊరగాయ జాడీ మంచం కింద దాస్తే గది మధ్యదాకా నూనె కారింది, గుర్తుందా?

అడిగిన దానికి జవాబు. మొదట్లో రాయకపోవడానికి కారణం పొగరు. దిద్దుకున్న కాపీ వస్తుందని ఎదురుచూశాను. నిజంగానే ఎదురుచూశాను, పోస్టుమాన్ వచ్చే వేళకు ఏదో పని పెట్టుకుని గుమ్మంలో నిలబడేదాన్ని. దసరా సెలవులు అయిపోయాయి. క్రిస్మస్ సెలవులు అయిపోయాయి. అప్పటికి పొగరు పోయి భయం మొదలైంది. దాని అడ్రసు రాసిపెట్టుకున్నాను కనుక దానికి రాశాను. అక్కడ లేరని తిరిగొచ్చింది.

95లో టీచర్ల ట్రైనింగుకని హైదరాబాద్ వచ్చాను. మొహం చెల్లక మీ ఇంటికి రాలేదు. ఒక మధ్యాహ్నం డుమ్మా కొట్టి బోరబండ వెళ్ళి, అడ్రసు పట్టుకుని ఆ ఇల్లు కనుక్కున్నాను. ఇంటావిడ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. పేరు చిలకమ్మ అని చెప్పింది.

"నలుగురు ఆడపిల్లలుండె గీ అర్రల. ఒకామెకు పాణం మంచిగ లేకుండె. అందరు ఖాళీ చేసి పోయిన్రు" అంది.

ఎవరికి బాగాలేదో అడగాలి కదా? అడగలేదు. అడిగితే ఏ పేరు చెబుతుందోనని భయపడి, మంచినీళ్ళు తాగి, వచ్చేశాను. నేను పిల్లలతో ఎన్నేళ్ళుగానో చెబుతున్నాను, పేరుకి పెద్ద అక్షరం పెట్టాలి, అది లోకంలో ఒక్కటే ఉంటుంది కనుక అని. ఆ ఒక్కదాని పేరు ఒక గుమ్మంలో నిలబడి అడగలేకపోయాను.

ఇప్పుడు నువ్వు చెప్పు. హైందవిని చూశావా? అవునో కాదో ఒక కార్డు మీద రాయి. ఎక్కడని కూడా అడగను.

జానకి


యూసుఫ్‌గూడ
4 డిసెంబర్ 1999

జానకీ,

అవును. చూశాను. రెండు నెలలైంది.

ఈ మాట దాచినందుకు నన్ను ఏమైనా అను. ఎందుకు దాచానో ముందు విను.

అక్టోబరు మొదటివారంలో ప్రూఫులు చూద్దామని ఆ డీటీపీ సెంటర్‌కి వెళ్ళాను. పంజాగుట్ట చౌరస్తాకు దగ్గరే, ఇరానీ హోటల్ పక్క మెట్లెక్కితే పైన. నాలుగు కంప్యూటర్లు. యజమాని మొహం మాడ్చుకుని, "పదహారు పేజీలు ఒక్కరోజులో కొట్టింది మేడమ్. పదిహేడో పేజీ కాడ ఆగింది. రెండు దినాల సంది కదుల్తలేదు" అన్నాడు. చివరి కుర్చీలో కళ్ళద్దాల అమ్మాయి కూర్చుని ఉంది. ముందు నీ నోట్సు జిరాక్స్, బంధువుల పాఠం దగ్గర తెరిచి ఉంది.

"ఈ నోట్సు ఎవరిదండీ? పైన పేరు మీది ఉంది, చేతిరాత మీది కాదు" అంది, తల తిప్పకుండానే.

"నా స్నేహితురాలిది. కొవ్వూరులో టీచరు" అన్నాను.

అప్పుడు తిరిగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు నా వైపు తిప్పి పట్టుకుంది. "గోరింటాకు ఆంటీ మీరేనా?" అంది. జానకీ, ఆ యజమాని ముందే దాన్ని పట్టుకుని ఏడ్చాను.

మొదట అడిగింది నీ గురించే. ఆరోగ్యంగా ఉందా, ఇంకా అదే బడేనా, ఒక్కతే ఉంటోందా అని. అన్నీ అడిగాక, "నేను కనబడ్డానని అక్కయ్యకు రాయకండి. రాస్తే ఈ ఉద్యోగం మానేసి ఇంకెక్కడికైనా పోతాను" అని నా చేత ఒట్టు వేయించుకుంది. పోతే మళ్ళీ ఎక్కడని వెతకను? అందుకే వానల గురించి రాశాను.

దాని సంగతులు నీకు తెలియాలి. పంజాగుట్టలోనే లేడీస్ హాస్టల్లో ఉంటోంది. పెళ్ళి చేసుకోలేదు. అమీర్‌పేట బయోడేటాల్లో సగం దాని చేతి మీదుగానే వెళ్తాయి. అక్కడ తప్పులు చూసేది కూడా అదే. ఒకటి చెబుతాను విను. అది ఎవరి కాగితం మీదా ఎర్రపెన్ను పెట్టదు. తప్పు ఉన్నచోట పెన్సిల్‌తో సన్నగా చుక్క పెట్టి, తర్వాత చెరిపేస్తుంది.

మొన్న నీ నవంబరు ఉత్తరం వచ్చాక నాకు నిద్ర లేదు. హుస్సేన్ అన్నారు, "ఆగిన గడియారాన్ని చూస్తూ కూర్చుంటే ముల్లు కదలదు, ఎవరో ఒకరు మూత తియ్యాలి" అని. నీ సెప్టెంబరు ఉత్తరం, నవంబరు ఉత్తరం రెండూ తీసుకెళ్ళి ఇరానీ హోటల్లో దాని ముందు పెట్టాను. నాకొక్కదానికే చెప్పిన మాట అది. నీ నమ్మకం నిలుపుకోలేదు. దానికిచ్చిన ఒట్టు మాత్రం చివరికి అదే తీసేసింది.

చదివింది. ఒకచోట ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ చదివింది. చాయ్ చల్లారిపోయింది.

"చదవలేదా?" అంది. "నిజంగా చదవలేదా ఆంటీ? చదివే పంపిందనుకున్నాను. ఇన్నేళ్ళూ, అంతా చదివి, జవాబుగా ఆ సున్నాలు పంపిందనుకున్నాను."

తర్వాత నవ్విందో ఏడ్చిందో నేను చెప్పలేను, రెండూ ఉన్నాయి. చేతిసంచీలోంచి మడతలు నలిగిపోయిన కాగితం తీసింది. ఎర్రసిరా గులాబీ రంగుకి తిరిగింది. నాకు చూపించలేదు, నేనూ చూడలేదు. హోటల్ కౌంటర్ దగ్గర ఒక తెల్లకాగితం అడిగి తెచ్చుకుంది.

"మళ్ళీ రాసి పంపమంది కదా" అంది.

"ఇంగ్లీషులోనా?" అన్నాను భయం భయంగా.

"తెలుగులో. ఇందులో చుట్టడానికి ఏమీ దొరకదు. చదవక తప్పదు" అంది.

అంటించి ఇచ్చింది. అలాగే నీకు పంపుతున్నాను.

ఫఖ్రూ


(అదే కవరులో)

పంజాగుట్ట
3 డిసెంబర్ 1999

అక్కయ్యా,

మళ్ళీ రాసి పంపమన్నావు. ఆలస్యమైంది. 1993 ఆగస్టులో రాసింది ఇదే. ఒక్క మాట కలపలేదు, తీయలేదు.

"డియర్ అక్కా, నేను హైదరాబాద్‌లో బోరబండ అనే చోట ఉంటున్నాను. గదిలో నలుగురం ఉన్నాం. నేను టైపు నేర్చుకున్నాను. ఈ ఉత్తరం నేనే సొంతంగా ఇంగ్లీషులో రాస్తున్నాను. నువ్వు సంతోషిస్తావనుకుంటున్నాను. నాకు పది రోజులుగా జ్వరం తగ్గడం లేదు. అన్నం సహించడం లేదు. నాకు భయంగా ఉంది. ఈ ఆదివారం పొద్దుటి నుంచి గౌలిగూడ బస్టాండులో కూర్చుంటాను. నువ్వు వస్తే నీతో ఇంటికి వచ్చేస్తాను. వచ్చేటప్పుడు నా నీలం దుప్పటి తీసుకురా."

ఆ ఆదివారం మీవైపు నుంచి వచ్చే చివరి బస్సు ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాను. మంగళవారం నీ ఉత్తరం వచ్చింది.

హైందవి


కొవ్వూరు
9 డిసెంబర్ 1999, గురువారం

హైందవీ,

చదివాను. నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి, దుర్గాంబ చేత పైకి చదివించుకుని ఒకసారి. కూడబలుక్కుంటూ చదివే మనిషి కదా, ఒక్కొక్క మాట దగ్గరా ఆగింది. జ్వరం దగ్గర ఆగి, "అయ్యో తల్లీ" అంది. ఆ రోజు నేను అనవలసిన మాట అదే.

నా నోట్సు పదకొండో పేజీలో 'ఆదివారం హైందవికి జ్వరం వచ్చింది' అని ఎందుకు రాశానో ఇవాళ తెలిసింది. నా కళ్ళు చదివాయి. మనసు దిద్దుతూ కూర్చుంది. నిన్ను క్షమించమని అడగను, అడిగే మొహం లేదు. పరీక్ష పోయినప్పుడు నీతో అన్న మాటకు కూడా అంతే. నువ్వు నా చెల్లెలివని నేనే అందరికీ చెప్పుకోవలసింది. ఇవాళ స్టాఫ్‌రూములో అచ్యుతరావుగారితో చెప్పాను, మా చెల్లెలు ఉత్తరం రాసిందని.

ఎర్రపెన్నులు ఇంట్లో మూడున్నాయి. మూడూ బడికి ఇచ్చేశాను. ఈ ఉత్తరం రాస్తున్న పెన్ను దుర్గాంబది.

పంతొమ్మిదో తేదీ ఆదివారం పొద్దున హైదరాబాద్‌లో దిగుతాను. దూరపు బస్సులు ఇప్పుడు ఇమ్లీబన్‌కి వస్తున్నాయట. అక్కడ దిగి గౌలిగూడకు నడిచి వస్తాను. ఆ పాత బస్టాండులోనే కూర్చుంటాను. నిన్ను రమ్మని రాయడం లేదు. నీకు రావాలనిపిస్తేనే రా. రాకపోతే, చివరి బస్సు ఖాళీ అయ్యేదాకా ఉండి వెళ్తాను.

నీలం దుప్పటి నా పెట్టెలోనే ఉంది. ఉతికి ఆరేశాను. తెస్తున్నాను.

అక్కయ్య